ఓడాడన్నారు, దించేశారు, మళ్ళీ కూర్చోబెట్టారు: పీటర్ ఒబి గవర్నర్ పదవి వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: నైజీరియాలోని అనంబ్రా రాష్ట్రంలో 2003 ఎన్నికలో పీటర్ ఒబి ఓడిపోయినట్టు ప్రకటించారు. దాదాపు మూడేళ్ళ తర్వాత, గెలిచింది ఆయనేనని కోర్టు తేల్చింది. కుర్చీ ఎక్కిన ఏడున్నర నెలలకే అసెంబ్లీ అభిశంసించింది, మూడు నెలలకి కోర్టు ఆ అభిశంసనని కొట్టేసింది. మరో మూడున్నర నెలలకి పదవీకాలం అయిపోయిందని ఇంకొకరితో ప్రమాణం చేయించారు, రెండు వారాలు దాటగానే సుప్రీంకోర్టు ఆయన్ని దించి ఒబిని మళ్ళీ కూర్చోబెట్టింది. ఈ మూడూ ఒకే గొడవలా కనిపిస్తాయి గానీ, మూడింట్లోనూ కోర్టు ముందున్న ప్రశ్న వేరు.

ముందు "గవర్నర్" అనే మాట సంగతి

తెలుగు పాఠకులకి మొదటి తికమక ఈ మాట దగ్గరే వస్తుంది. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు, 155వ అధికరణం ప్రకారం. ఎన్నిక ఉండదు, అభిశంసన కూడా ఉండదు, రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలం ఉంటారు, అంతే. నైజీరియాలో గవర్నర్ అంటే జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే మనిషి. మన ముఖ్యమంత్రి చేసే పనంతా ఆయనే చేస్తాడు, కానీ ముఖ్యమంత్రిలా అసెంబ్లీలో మెజారిటీ మీద ఆధారపడి ఉండడు. నాలుగేళ్ళ నికరమైన పదవీకాలం, గరిష్ఠంగా రెండు విడతలు. గెలవాలంటే అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే సరిపోదు, రాష్ట్రంలోని స్థానిక ప్రభుత్వ ప్రాంతాల్లో కనీసం మూడింట రెండొంతుల చోట్ల నాలుగో వంతు ఓట్లు కూడా రావాలి.

36 రాష్ట్రాలకీ వచ్చే డబ్బులో చాలా భాగం, ముఖ్యంగా చమురు ఆదాయం, కేంద్ర ఖాతా నుంచి నెలనెలా పంపిణీ అవుతుంది. ఆ డబ్బు మీద, కాంట్రాక్టుల మీద, నియామకాల మీద గవర్నర్‌కి ఉండే పట్టు చాలా గట్టిది. పదవిలో ఉన్నంత కాలం ఆయన మీద కేసు నడవకుండా రాజ్యాంగ రక్షణ కూడా ఉంది. అందుకే అక్కడ ఆ కుర్చీ కోసం జరిగే పోరాటం అంత తీవ్రంగా ఉంటుంది, ఆ కుర్చీలో తమ మనిషిని కూర్చోబెట్టడానికి పెట్టుబడి పెట్టే వాళ్ళూ ఉంటారు. వాళ్ళని అక్కడ గాడ్‌ఫాదర్లు అంటారు.

2003లో జరిగింది

అనంబ్రా నైజీరియా ఆగ్నేయంలో, ఇగ్బో జనం ఉండే రాష్ట్రం. రాజధాని ఆవ్కా, కానీ పెద్ద వ్యాపార కేంద్రం నైజర్ నది ఒడ్డున ఉన్న ఒనిచా. ఒబి వ్యాపారం నుంచి, బ్యాంకింగ్ రంగం నుంచి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి, ఆప్గా అనే కొత్త పార్టీ తరఫున నిలబడ్డారు. ఎదురుగా కేంద్రంలో అధికారంలో ఉన్న పీడీపీ అభ్యర్థి డాక్టర్ క్రిస్ ఎన్గిగే. 2003 ఏప్రిల్ 19న పోలింగ్ జరిగింది, ఎన్నికల సంఘం ఎన్గిగే గెలిచారని ప్రకటించింది, మే 29న ఆయన ప్రమాణం చేశారు.

ఎన్గిగే వెనక ఉన్న గాడ్‌ఫాదర్ క్రిస్ ఉబా. కుర్చీ ఎక్కిన కొద్ది వారాలకే ఇద్దరికీ చెడింది. 2003 జూలై 10న పోలీసులు గవర్నర్‌నే ఎత్తుకెళ్ళారు. ఆయన రాజీనామా చేశారంటూ ఒక లేఖ అసెంబ్లీకి చేరింది, అసెంబ్లీ దాన్ని ఆమోదించింది కూడా. ఎన్గిగే బయటపడి, తాను రాజీనామా చేయలేదని నిలబడటంతో ఆ పథకం పారలేదు. అధికారంలో ఉన్న గవర్నర్‌ని తన రాష్ట్రంలోనే పోలీసులు పట్టుకెళ్ళగలిగారంటే ఆ కుర్చీ చుట్టూ ఉన్న బలం ఎవరి చేతిలో ఉందో అర్థమవుతుంది. 2004 నవంబర్‌లో ఆవ్కాలో గుంపులు ప్రభుత్వ భవనాలని తగలబెట్టాయి. ఆ డిసెంబర్‌లో అధ్యక్షుడు ఒబసాంజో తన పార్టీ అధ్యక్షుడికి రాసిన లేఖ పత్రికల్లోకి వచ్చింది. ఎన్గిగే నిజానికి గెలవలేదని ఉబా ఎన్గిగే ఎదుటే తనతో చెప్పారన్న విషయం అందులో ఉంది. కోర్టులో కేసు ఇంకా నడుస్తూనే ఉంది అప్పటికి.

ఇక్కడ ఇంకో విషయం కూడా చెప్పాలి, లేకపోతే ఎన్గిగేకి అన్యాయం చేసినట్టవుతుంది. గాడ్‌ఫాదర్‌తో తెగతెంపులు చేసుకున్నాక ఆయన రోడ్లు వేయించారు, జీతాలు ఇప్పించారు, జనంలో మంచి పేరే తెచ్చుకున్నారు. 2006లో ఆయన దిగిపోతుంటే బాధపడిన వాళ్ళు ఉన్నారు. "మంచి పాలకుడా" అన్నదీ "నిజంగా గెలిచాడా" అన్నదీ వేరు వేరు ప్రశ్నలు, కోర్టు రెండోదానికే జవాబు చెప్పాలి.

మూడేళ్ళు ఎందుకు పట్టింది

ఒబి ఎన్నికల ట్రైబ్యునల్‌కి వెళ్ళారు. ఆయన వాదన ప్రధానంగా లెక్కల మీదే నడిచింది: పోలింగ్ కేంద్రాల దగ్గర నమోదైన ఓట్లకీ, పై స్థాయిలో ప్రకటించిన మొత్తానికీ పొంతన లేదని. ఇలాంటి కేసులో ప్రతి కేంద్రం కాగితాన్నీ తెచ్చి, సాక్షిని నిలబెట్టి, ఒక్కో అంకె రుజువు చేసుకుంటూ పోవాలి. ఎదుటి పక్షానికి కేసుని సాగదీయడంలోనే లాభం, ఎందుకంటే కేసు నడిచినన్నాళ్ళూ కుర్చీలో వాళ్ళే ఉంటారు. అప్పటి చట్టంలో తీర్పుకి గడువు లేదు.

ట్రైబ్యునల్ తీర్పు 2005 ఆగస్టు 12న వచ్చింది, ఒబి గెలిచారని. ఎన్గిగే అప్పీలుకి వెళ్ళారు, పదవిలో కొనసాగారు. ఎనుగు నగరంలోని అప్పీలు కోర్టు 2006 మార్చి 15న అదే తీర్పుని ఖాయం చేసింది. మార్చి 17న ఒబి ప్రమాణం చేశారు. పోలింగ్ రోజు నుంచి లెక్కేస్తే 35 నెలలు. 48 నెలల పదవీకాలంలో 33 నెలలకి పైగా, జనం ఎన్నుకోలేదని తర్వాత తేలిన మనిషి పాలించారు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. దొంగ ఓట్ల కంటే కూడా ఇదే పెద్దదని చెప్పొచ్చు, ఎందుకంటే దొంగ ఓటుని కోర్టు కొట్టేయగలదు గానీ గడిచిపోయిన నెలల్ని ఓటర్లకి తిరిగి ఇవ్వలేదు.

ఏడున్నర నెలలకే అభిశంసన

కోర్టు గవర్నర్ సీటుని మాత్రమే సరిచేసింది. అదే ఎన్నికల సీజన్‌లో, రెండు వారాల తేడాతో ఎన్నికైన 30 మంది అసెంబ్లీ సభ్యులు అలాగే ఉన్నారు, వాళ్ళలో అత్యధికులు పీడీపీ వాళ్ళు. అంటే ఒబి తన పార్టీకి బలం లేని సభతో, తనని రాకుండా చేసిన యంత్రాంగంతో, మిగిలిన కాలం నెట్టుకు రావాలి. మన దగ్గర అయితే ఇలాంటి పరిస్థితి రాదు, సభలో బలం లేని వాళ్ళు ముఖ్యమంత్రిగా నిలవలేరు కాబట్టి. నైజీరియా పద్ధతిలో గవర్నర్ ఎన్నిక వేరు, సభ ఎన్నిక వేరు, రెండూ ఎదురెదురుగా నిలబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

2006 నవంబర్ 2న, తెల్లవారుజామున సమావేశమై, సభ ఒబిని అభిశంసించింది. ఆరోపణ పేరు "గ్రాస్ మిస్‌కండక్ట్", అంటే తీవ్రమైన దుష్ప్రవర్తన. మర్నాడు డిప్యూటీ గవర్నర్ వర్జీనియా ఎటియాబా ప్రమాణం చేశారు. నైజీరియా చరిత్రలో గవర్నర్ అయిన మొదటి మహిళ ఆవిడే. ఎన్నికలో గెలిచి గవర్నర్ అయిన మహిళ ఇంతవరకూ అక్కడ ఒక్కరూ లేరు.

188వ సెక్షన్ ఏం చెబుతుంది

నైజీరియా 1999 రాజ్యాంగంలో గవర్నర్‌ని తొలగించే దారి 188వ సెక్షన్‌లో ఉంది, అది మెట్లమెట్లుగా ఉంటుంది. సభలో మూడో వంతుకి తగ్గకుండా సభ్యులు సంతకాలు పెట్టిన నోటీసు స్పీకర్‌కి ఇవ్వాలి. ఏడు రోజుల్లో అది గవర్నర్‌కీ ప్రతి సభ్యుడికీ చేరాలి. నోటీసు ఇచ్చిన 14 రోజుల్లోపు, విచారణ జరపాలా వద్దా అని చర్చ లేకుండా ఓటేయాలి, మూడింట రెండొంతుల మద్దతు కావాలి, అది కూడా హాజరైన వాళ్ళలో కాదు, మొత్తం సభ్యుల్లో. అనంబ్రాలో అయితే 30 మందిలో 20. అప్పుడు స్పీకర్ అడిగితే రాష్ట్ర చీఫ్ జడ్జి ఏడుగురితో ఒక విచారణ బృందం వేస్తారు. ఆ ఏడుగురూ నిజాయితీపరులై ఉండాలి, ప్రభుత్వోద్యోగులో చట్టసభ సభ్యులో పార్టీ మనుషులో కాకూడదు. బృందం మూడు నెలల్లోపు నివేదిక ఇవ్వాలి, గవర్నర్‌కి లాయర్‌ని పెట్టుకుని వాదించుకునే హక్కుంది. ఆరోపణ రుజువు కాలేదంటే అక్కడితో ఆగిపోవాలి. రుజువైందంటేనే 14 రోజుల్లో సభ మళ్ళీ మూడింట రెండొంతుల మెజారిటీతో నివేదికని ఆమోదించాలి.

చదవడానికి గట్టి రక్షణలాగే ఉంది. బలహీనత రెండు చోట్ల ఉంది. ఒకటి, గ్రాస్ మిస్‌కండక్ట్ అంటే ఏంటన్నది చివరికి "సభ అభిప్రాయం"లో ఏది అలా అనిపిస్తే అదే అని రాసేశారు. రెండు, పదో ఉపసెక్షన్ ఈ ప్రక్రియని ఏ కోర్టూ ప్రశ్నించకూడదంటుంది. ఈ రెండూ కలిస్తే, 20 మంది సభ్యుల్ని చేతిలో పెట్టుకున్న వాళ్ళు ఎవరినైనా దించేయొచ్చన్న ధైర్యం వస్తుంది. 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ దాకా అక్కడ అదే జరిగింది: బయెల్సా, ఒయో, ఎకిటి, అనంబ్రా, ప్లాటో, ఒకదాని వెనక ఒకటి ఐదు రాష్ట్రాల గవర్నర్లని దించారు. వాళ్ళలో కొందరి మీద తీవ్రమైన అవినీతి ఆరోపణలు ఉన్నాయి, అది దాచాల్సిన పని లేదు. కానీ దించిన పద్ధతి వేరే విషయం.

ఈ తలుపు తెరిచింది ఒయో రాష్ట్రం కేసు. అక్కడ 32 మంది సభ్యుల్లో 18 మంది, సభ బయట ఒక హోటల్లో కూర్చుని, 2006 జనవరి 12న గవర్నర్ రషీదీ లడోజాని దించేశారు. 32లో మూడింట రెండొంతులంటే 22. లెక్కే సరిపోలేదు. అప్పీలు కోర్టు నవంబర్ 1న, సుప్రీంకోర్టు డిసెంబర్ 7న లడోజా వైపు తీర్పిచ్చాయి. కోర్టులు తీసుకున్న వైఖరి ఇది: రాజ్యాంగం చెప్పిన మెట్లన్నీ ఎక్కి దించితే ఆ నిర్ణయంలోకి కోర్టు తొంగిచూడదు, కానీ మెట్లే ఎక్కనప్పుడు అది అభిశంసనే కాదు, దానికి కోర్టుల నుంచి రక్షణ కూడా ఉండదు. కోర్టు చూసేది ఆరోపణ నిజమా కాదా అని కాదు, దారి సరిగా నడిచారా లేదా అని.

అనంబ్రాకీ ఇదే వర్తించింది. 2007 ఫిబ్రవరి 9న ఎనుగు అప్పీలు కోర్టు, 188వ సెక్షన్ పద్ధతి పాటించలేదని అభిశంసనని రద్దు చేసింది. ఎటియాబా అభ్యంతరం పెట్టకుండా పదవి అప్పగించి మళ్ళీ డిప్యూటీగా పనిచేశారు. దీన్ని చిన్న విషయంగా చూడకూడదు. ఒయోలో డిప్యూటీ అలావో అకాలా సుప్రీంకోర్టు దాకా కేసు నడిచినంత కాలం కుర్చీలోనే ఉన్నారు. దించిన గవర్నర్ స్థానంలోకి వచ్చిన మనిషి తీర్పుని ఒప్పుకుంటే ఒక రాష్ట్రం ఎన్ని నెలల గందరగోళం నుంచి తప్పించుకుంటుందో ఈ రెండు రాష్ట్రాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మనకి తెలిసిన 1984

ఈ కథ వినగానే తెలుగు వాళ్ళకి ఎన్టీఆర్ గుర్తుకొస్తారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. దించడం, తిరిగి రావడం ఒకటే అయినా తీరు పూర్తిగా వేరు. ఎన్టీఆర్ ప్రశ్న ఒక్కటే: ఎమ్మెల్యేలు ఎవరి వైపు ఉన్నారు. అందుకే ఆయన పోరాటం ఎమ్మెల్యేలని కర్ణాటకలో కాపాడుకోవడం మీద, ఢిల్లీలో తలలు లెక్కపెట్టి చూపించడం మీద నడిచింది, నెల రోజుల్లో తేలిపోయింది. ఒబికి ఎమ్మెల్యేల్లో బలమే లేదు, వాళ్ళే దించారు. ఆయనకి మిగిలిన దారి కోర్టు ఒక్కటే. భారత్‌లో దీనికి దగ్గరగా ఉన్న ఉదాహరణ అరుణాచల్‌ది, 2016 జూలై 13న సుప్రీంకోర్టు నబమ్ తుకి ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టింది. అయినా నాలుగు రోజులు తిరక్కుండానే, సభలో బలం లేక ఆయన రాజీనామా చేశారు. ముఖ్యమంత్రి పద్ధతిలో కోర్టు కుర్చీ ఇవ్వగలదు గానీ మెజారిటీ ఇవ్వలేదు. నికరమైన పదవీకాలం ఉన్న గవర్నర్‌కి కుర్చీ తిరిగొస్తే చాలు.

నాలుగేళ్ళు ఎప్పుడు మొదలవుతాయి

మూడో గొడవ దగ్గరే ఎక్కువ మందికి తికమక వస్తుంది. 2007 ఏప్రిల్ 14న దేశమంతా రాష్ట్ర ఎన్నికలు పెట్టారు, అనంబ్రాలో కూడా. పీడీపీ అభ్యర్థి ఆండీ ఉబా గెలిచినట్టు ప్రకటించారు. ఈయన క్రిస్ ఉబా సోదరుడు, అధ్యక్షుడు ఒబసాంజో దగ్గర సహాయకుడిగా పనిచేసిన వ్యక్తి. మే 29న ప్రమాణం చేశారు, ఒబి బయటికి వెళ్ళిపోయారు.

ఒబి వాదన చాలా సాదాగా ఉంది. రాజ్యాంగం 180వ సెక్షన్ ప్రకారం గవర్నర్ నాలుగేళ్ళు, ఎన్నికైన వ్యక్తి ప్రమాణం చేసిన రోజు నుంచి లెక్క. ఎన్గిగే ఎన్నికే చెల్లదని కోర్టు చెప్పింది కాబట్టి 2003 మే 29 నాటి ప్రమాణం లెక్కలోకి రాదు. ఎన్నికైన వ్యక్తి ప్రమాణం చేసింది 2006 మార్చి 17న. కాబట్టి పదవీకాలం 2010 మార్చి 17 దాకా ఉంటుంది, 2007లో సీటే ఖాళీగా లేదు, లేని ఖాళీకి ఎన్నిక పెట్టారు. కింది కోర్టుల్లో ఆయనకి ఊరట దొరకలేదు. 2007 జూన్ 14న సుప్రీంకోర్టు ఆ వాదనని ఒప్పుకుని ఆండీ ఉబాని వెంటనే దిగిపొమ్మంది. ఆయన గవర్నర్‌గా ఉన్నది రెండు వారాల పైచిలుకు. తర్వాత 2010 దగ్గరపడినప్పుడు, 2007లో గెలిచాను కాబట్టి ఒబి దిగగానే నన్ను కూర్చోబెట్టండి అని కూడా ఉబా వాదించారు, కోర్టు ఒప్పుకోలేదు.

ఈ తీర్పు మీద అప్పట్లో వచ్చిన అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు: ఓటర్లు 2003లో నాలుగేళ్ళకి ఓటేశారు, 2010 దాకా కాదు. కానీ రెండో వైపు చూడాలి. ఒకవేళ కోర్టు 2007 మేతోనే కాలం అయిపోయిందని ఉంటే, ఎన్నికలో మోసం చేసి, కేసుని దాదాపు మూడేళ్ళు సాగదీసిన వాళ్ళకి ఆ సాగదీతే గెలుపు అయ్యేది. ఓడిన పక్షం ఆలస్యం చేసి లాభపడే దారిని ఈ తీర్పు మూసింది, ఆ లెక్కన కోర్టు చేసింది సరైన పనే.

తర్వాత మారినవి

మొదటి మార్పు గడువుల్లో. 2010 రాజ్యాంగ సవరణతో ట్రైబ్యునల్ 180 రోజుల్లో, అప్పీలు 60 రోజుల్లో తేల్చాలని పెట్టారు. తేడా ఎంతో ఇమో రాష్ట్రంలో కనబడింది: 2019 మార్చిలో ఎన్నిక, 2020 జనవరి 14న సుప్రీంకోర్టు ఎమెకా ఇహెడియోహాని దించి హోప్ ఉజోడిన్మాని గవర్నర్‌గా ప్రకటించింది. ఒబికి 35 నెలలు పట్టిన పని పది నెలల్లో అయింది. అయితే గడువు కత్తిలాంటిది, రెండు వైపులా తెగుతుంది, 180 రోజులు దాటితే బలమైన కేసు కూడా చచ్చిపోతుంది. ఆ సవరణలోనే ఇంకో నిబంధన పెట్టారు: ఎన్నిక రద్దయి, మళ్ళీ జరిగిన ఎన్నికలో అదే వ్యక్తి గెలిస్తే ముందు పదవిలో ఉన్న కాలం కూడా లెక్కలోకి వస్తుందని. ఒబి వాదనని వాడుకుని కొందరు గవర్నర్లు గడియారాన్ని మళ్ళీ మొదటికి తిప్పుకోవాలని చూశారు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఐదు రాష్ట్రాల గవర్నర్ల కాలం అయిపోయిందని తేల్చింది. వాళ్ళకీ ఒబికీ తేడా ఏంటంటే, వాళ్ళు 2007 నుంచీ కుర్చీలోనే ఉన్నారు, ఒబిని బయట నిలబెట్టారు.

రెండోది ఎన్నికల క్యాలెండర్. అనంబ్రా దేశంతో పాటు కాకుండా విడిగా ఓటేయడం మొదలుపెట్టింది. ఎడో, ఒండో, ఎకిటి, ఒసున్ లాంటి రాష్ట్రాలు కూడా కోర్టు తీర్పుల వల్లే ఇలా విడిపోయాయి. మన దగ్గర తెలంగాణ 2018 సెప్టెంబర్‌లో అసెంబ్లీ రద్దు వల్ల లోక్‌సభ ఎన్నికల నుంచి విడిపోయింది, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ కలిసే ఓటేస్తుంది. కారణం వేరైనా ఫలితం ఒకటే: విడిగా జరిగే ఎన్నికలో రాష్ట్రం విషయాలే ముందుకొస్తాయి, ఎన్నికల సంఘం, పోలీసులు, మీడియా దృష్టంతా ఒక్క చోటే ఉంటుంది. అయినా జనం వస్తారన్న హామీ లేదు. వేర్పాటువాద హింస భయం మధ్య జరిగిన 2021 అనంబ్రా ఎన్నికలో పోలింగ్ సుమారు 10 శాతమే.

ఒబి 2010 ఫిబ్రవరి 6 ఎన్నికలో మళ్ళీ గెలిచారు. ఆ పోటీలో రెండో స్థానం ఎన్గిగేది, మూడో స్థానం కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్ చుక్వుమా సొలూడోది. 2014 మార్చి 17న ఒబి దిగిపోయారు. 2023 అధ్యక్ష ఎన్నికలో లేబర్ పార్టీ తరఫున 61 లక్షలకి పైగా ఓట్లతో మూడో స్థానంలో నిలిచి, ఆ ఫలితం మీద కూడా కోర్టుకి వెళ్ళారు, ఈసారి ఓడిపోయారు. అనంబ్రాలో ఇప్పుడు గవర్నర్ సొలూడో, 2025 నవంబర్ 8న రెండోసారి గెలిచారు. దేశంలో ఎక్కువ రాష్ట్రాల్లో గవర్నర్లు మే 29న ప్రమాణం చేస్తే, అనంబ్రాలో పదవీకాలం ఇప్పటికీ మార్చి 17 నుంచే లెక్క.